నాయిన పిక్క మీద జీడి చుక్కలు

మా నాయినకు అక్షరం ముక్క రాదు. కానీ ఆబిడ్స్‌లో సగం మంది కాలర్ల లోపల ఉన్న రాత ఆయనదే. మాది బట్టలుతికే ఇల్లు. ఆబిడ్స్ సందులో ఒక చిన్న లాండ్రీ దుకాణం, నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి ఇల్లు, గౌలిగూడ కింద మూసీ ఒడ్డున రేవు, ఈ మూడింటి మధ్యే ఆయన బతుకంతా నడిచింది. ఏ బట్ట ఎవరిదో తెలియడానికి ఇంటికొక గుర్తు ఉండేది. ఒకరికి రెండు చుక్కలూ ఒక గీత, ఇంకొకరికి మూడు చుక్కలూ కింద ఒక కొక్కెం. నల్లజీడి గింజను కాస్త కాల్చి, సూదితో పొడిచి, ఊరిన రసంతో బట్ట మూలన గుర్తు పెట్టి, పైన తడిసున్నం అద్దేవాడు. బట్ట చిరిగిపోయినా ఆ గుర్తు పోదు.

నేను అప్పటికే నాంపల్లిలో ఆడపిల్లల బడిలో పంతులమ్మను. మా ఇంట్లో చదువుకున్న మొదటి మనిషిని కాబట్టి కొంచెం తలబిరుసు కూడా ఉండేది. అది దించడానికి నాయిన అప్పుడప్పుడు అడిగేవాడు. "నీ అక్షరాలు లోకానికంత ఒక్కటే. నా గుర్తులు ఇంటికొక్కటి. ఏది కష్టమో జెప్పు?"

దేశంలో మొదటిసారి ఎలక్షన్లు జరిగిన చలికాలం అది. నాయిన ఓటేసి వచ్చి, వేలి మీది సిరాను ఎండకు పట్టి చూశాడు. బట్టలను సోడా ఆవిరిలో ఉడకబెట్టడాన్ని మేం ఉబ్బ వేయడం అంటాం. "నాలుగు ఉబ్బలకు పోతది గిది. సర్కారు నన్నడిగితే జీడి ఇద్దును గద" అన్నాడు. అమ్మా నేనూ నవ్వాం. ఆ తర్వాత ఆయన గోలెం దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే కుడికాలి పిక్క మీద నా కన్ను పడింది. నిమ్మకాయంత గడ్డ ఉంది.

"ఏంది నాయినా గది?"

"ఏం లేదు. పిక్క బలిసింది. చిన్నప్పటి సంది నీళ్లల్ల నిలబడ్డ కాలు."

"రెండు కాళ్లూ నిలబడ్డయి గద. ఒక్కటే బలుస్తదా?"

"రెండోది సోమరిది."

ఆయనతో వాదన ఎప్పుడూ ఇలాగే తేలేది. నొప్పి ఉందా అంటే లేదన్నాడు. అదే మమ్మల్ని ముంచింది. నొప్పి పెట్టే గడ్డయితే మనిషి పరుగెడతాడు. నొప్పి లేని గడ్డ చుట్టంలా ఇంట్లో ఓ మూల కూర్చుంటుంది, ఎప్పుడు వెళతావని అడగడానికి మనకు మొహమాటం. నెల తిరిగేసరికి అది బత్తాయి అంత అయింది. నేను పోరు పెట్టాను. దవాఖానకు పోదామన్నాను. సరే, పోదాం గానీ ముందు చుక్కలు పెట్టమన్నాడు.

మా ఇళ్లలో ఒక అలవాటు ఉండేది. ఒంటి మీద ఏం లేచినా, అది పాకకుండా చుట్టూ జీడితో చుక్కలు పెట్టేవాళ్లు. ఆ చుక్కల గీత దాటి అది పోదని నమ్మకం. పిక్క వెనక తన చెయ్యి అందదు. అమ్మకు సూదిమొన చూపానదు. ఇక మిగిలింది నేను. బడిలో పిల్లలకు ఆరోగ్య పాఠం చెబుతూ, పుండు మీద పేడా సున్నం పెట్టకూడదని బల్ల గుద్ది చెప్పేదాన్ని. అలాంటి నన్ను పట్టుకుని, "జర పెట్టు బిడ్డా. నీ చెయ్యి నికరంగ ఉంటది" అన్నాడు.

పెట్టాను. ఆయన బోర్లా పడుకుంటే, కాలు ఒడిలో పెట్టుకుని, గడ్డ చుట్టూ వరసగా చుక్కలు పెట్టాను. జీవితంలో అంత ముత్యాల్లాంటి చుక్కలు మళ్లీ పెట్టలేదు. అమ్మ అద్దం పట్టుకుని చూపిస్తే, నాయిన మెడ తిప్పి చూసి మురిసిపోయాడు. "పంతులమ్మవు అయినవు గని చెయ్యి మాత్రం మనదే" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు బడిలో ఏ ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నా అంత సంతోషం కలగలేదు.

జీడి ఒంటికి నిప్పు. ఆ సంగతి మాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, అయినా పెట్టుకుంటాం. చుక్కలు పొక్కులయ్యాయి. ఆ కాలితోనే ఆయన రేవులో దిగి నిలబడ్డాడు. పొక్కులు చితికి, ఒకదానితో ఒకటి కలిసి, గడ్డ మీద తోలంతా పుండైపోయింది. చీము పట్టింది. ఒకరోజు అమ్మ నన్ను పక్కకు పిలిచి, గజ్జల్లో బిళ్ళ కట్టిందని గుసగుసగా చెప్పింది. ఆ చోటు పేరు కూతురి ముందు ఎత్తడానికి నాయినకు సిగ్గు. తర్వాత జ్వరం వచ్చింది. అప్పుడు పెద్ద దవాఖానకు తీసుకుపోయాం.

అక్కడి సర్జను నడివయసు మనిషి, మెత్తటి మాట. గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఛాతీ ఫొటో తీయించాడు. గజ్జల్లో నొక్కి చూశాడు. అప్పుడు అడిగాడు, "గడ్డ మీద తోలు ఎప్పుడు పగిలింది?"

నాయిన తడుముకోలేదు. "దానంతటదే పగిలింది సాబ్" అన్నాడు.

అమ్మ నేలకేసి చూసింది. నేను కిటికీకేసి చూశాను. మా వాడకట్టులో ఒకాయన బిడ్డకు కడుపునొప్పికి వాతలు పెట్టి తీసుకుపోతే, దవాఖానలో నలుగురి ముందూ తిట్టారని నాయిన విన్నాడు. నాటువైద్యం చేశామని తెలిస్తే వెళ్లగొడతారని ఆయన భయం. నా భయం అంత మర్యాదైనది కాదు. అంతకు ముందే డాక్టరు, "నువ్వు పంతులమ్మవా? మంచిదమ్మా" అన్నాడు. ఆ మంచి పేరు పది నిమిషాల్లో పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే. ఇంకే కారణమూ లేదు.

వారం తర్వాత డాక్టరు నన్నొక్కదాన్నే వరండాలోకి పిలిచాడు.

"చూడమ్మా, గిది మాంసంల పుట్టే క్యాన్సరు. ఇసొంటియి ఎక్కువ నెత్తురు ఎంబడి ఊపిరితిత్తులకు పోతయి. బిళ్ళలకు పోవుడు తక్కువ. గని బిళ్ళకు చేరిందంటే అది ఇల్లు ఇడిసి బయటపడ్డట్టే. అసొంటోళ్లు ఎక్కువ దినాలు ఉండరు. మీ నాయిన ఫొటో సాఫ్‌గనే ఉన్నది. గని గడ్డ తోలు పగలగొట్టుకొని బయటికొచ్చింది, గజ్జల్ల బిళ్ళ గట్టిగ తగుల్తున్నది. ఇగ కాలు తీసి ఆయన్ను సతాయించుడు ఎందుకు? ఇంటికి తీస్కపోయి మంచిగ చూస్కోండ్రి."

"బిళ్ళ లేకుంటే?" అన్నాను.

"బిళ్ళ సాఫ్‌గ ఉంటే రేపే కాలు తీసెటోణ్ని. బతికే దారి ఉండె."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. కాలికి ముల్లు గుచ్చుకుంటే గజ్జల్లో బిళ్ళ కడుతుందనీ, పుండు మానితే పోతుందనీ మా వాడకట్టులో పసిపిల్లకు తెలుసు. కానీ డాక్టరు నోట వినేసరికి, అది మనింటి బిళ్ళ కాదు, పుస్తకాల్లో బిళ్ళ అనుకున్నాను. నా జీడిని దానితో కలిపి చూడాలని తోచనే లేదు.

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో నాయిన హుషారుగా ఉన్నాడు. కాలు తీయరని మాత్రమే ఆయనకు చెప్పాను. దారిలో పోయేవాళ్లను చూపిస్తూ, "అగో, ఆ కోటు మనదే. గీ ధోతి మనదే. వానిది మనది గాదు, చూడు ఎట్ల పసుపు పచ్చగున్నదో" అని ఒకటే సంబరం. నేను అటు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంటుంటే, జలుబు చేసిందా, అల్లం చాయ్ తాగు అన్నాడు.

ఆ రోజుల్లో నేను బడికి సెలవు పెట్టి దుకాణంలో కూర్చునేదాన్ని. అలాంటి ఒక మధ్యాహ్నం స్టేషన్ బుకింగ్ గుమాస్తా ఒకాయన దుకాణంలోకి దూసుకొచ్చాడు. మేం బట్టలుతికే పాత ఇల్లే ఆయనది.

"మీ నాయిన పానం ఎట్లుందని అడుగుదామని రాలేదమ్మా. నా మెడ సూపిద్దామని వచ్చిన. ఏం పెట్టిన్రు నా కొత్త అంగీకి?"

కాలర్ తీసి చూపించాడు. మెడ వెనక ఎర్రగా పొక్కి, రసి కారుతోంది. రెండు చుక్కలు, ఒక గీత, ఆయన ఇంటి గుర్తు ఆయన మెడ మీదే పడింది. కొత్త అంగీకి గుర్తు పెట్టింది నేనే. నా ధ్యాసంతా నాయిన మీద ఉండి, పైన సున్నం అద్దడం మరిచిపోయాను. పచ్చి జీడి చెమటకు ఒంటికి పట్టేసింది.

"గింతే కాదు. చెవు కింద బిళ్ళ గూడ కట్టింది" అన్నాడు.

నేను ఇస్త్రీ బల్ల దగ్గరి నుంచి లేచాను. మాటా మంతీ లేకుండా ఆయన చెవి కింద వేలు పెట్టి నొక్కి చూశాను. ఆబిడ్స్‌లో, పట్టపగలు, పెళ్లికాని పంతులమ్మ. ఆయన నోట్లో పాన్ గుటుక్కున మింగేశాడు. వేలి కింద శనగగింజంత బిళ్ళ గట్టిగా తగిలింది.

"అయ్యా, మీరు జర నా ఎంబడి దవాఖానకు రావాలె" అన్నాను.

"గీ మాత్రానికి దవాఖాన ఏంది? నాకు డ్యూటీ ఉన్నది."

"మీకోసం గాదు. మా నాయిన కోసం."

ఆ పెద్దమనిషి సణుగుతూనే వచ్చాడు. ఆయనకు నేను ఈ జన్మలో బాకీ ఉన్నాను. దవాఖానలో డాక్టరు ముందు ఆయన్ను నిలబెట్టి, కాలర్ కిందికి లాగి, మెడ చూపించి, మొత్తం కక్కేశాను. తోలు దానంతటది పగల్లేదని, జీడి పెట్టింది నేనని, నాయిన అబద్ధమాడితే నోరు మూసుకుని కూర్చున్నానని చెప్పాను. చెబుతూనే ఏడ్చేశాను. గుమాస్తా ఏం చేయాలో పాలుపోక తన రుమాలు ఇచ్చాడు. దాని మూలన కూడా మా గుర్తే ఉంది.

డాక్టరు మెత్తటి మాటంతా ఎటో పోయింది. "పంతులమ్మవు నువ్వు! పిల్లలకు ఏం చెప్తున్నవు బడిల?" అని కేకేశాడు. నేను తల వంచుకున్నాను. ఆ తిట్లు నాకు తేనెలా ఉన్నాయి, ఎందుకంటే తిడుతూనే ఆయన కాగితం తీసి రాసుకుంటున్నాడు.

"ఇను. పుండుతోని కట్టిన బిళ్ళ అయితే పుండు మానితే తగ్గుతది. తగ్గకుంటే నేను చెప్పిందే నిజం. తగ్గినా ఊకెనే నమ్మను, తీసి పరీక్షకు పంపిస్త. గడ్డ ఆగదు, అందుకే మూడు వారాల కన్న ఎక్కువ చూడ. కాలు తడవొద్దు. రేవు మాటెత్తొద్దు."

ఇంటికి వచ్చి నాయినకు అంతా చెప్పాను. అబద్ధం బయటపడినందుకు ముందు ముఖం ముడుచుకున్నాడు. "పరువు తీసినవు" అన్నాడు. కాసేపాగి, "నిజంగనే ఆయన్ను గూడ పట్కపోయినవా? మెడ సూపిచ్చినవా?" అన్నాడు. ఔనంటే పొట్ట పట్టుకుని నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. ముగ్గురం నవ్వి, ముగ్గురం ఒక్కసారే ఆగిపోయాం.

ఆ మూడు వారాలు మా ఇల్లు గింజల లెక్కన బతికింది. రోజూ పొద్దున్నే నాయిన నన్ను బయటికి పొమ్మనేవాడు. నేను గడప అవతల నిలబడేదాన్ని. అమ్మ చూసి, తలుపు తీసి చెప్పేది. మొదట రేగుపండంత. నాలుగు రోజులకు చింతగింజంత. మందునీళ్లతో పుండు కడుగుతుంటే తోలు ఎండుతూ వచ్చింది, నా చుక్కలు ఒక్కొక్కటీ నల్లటి మచ్చలై విడివిడిగా తేలాయి. రెండో వారానికి బిళ్ళ శనగగింజంత అయింది. మూడో వారంలో అక్కడే ఆగింది. అమ్మ మూడు రోజులు వరసగా శనగగింజే చెప్పింది. నాలుగో రోజు కందిగింజంత అంటే, నేను ఆమె ముఖం చూసి అది అబద్ధమని కనిపెట్టాను.

డాక్టరు ఆ బిళ్ళనూ, పక్కనున్న ఒకటి రెండు చిన్నవాటినీ తీసి పరీక్షకు పంపాడు. జవాబు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. ఆ కాస్త మాంసం ముక్కలో ఏముంటే అదే మా నాయిన ఆయుష్షు. నాలుగో రోజున డాక్టరే మంచం దగ్గరికి వచ్చాడు.

"బిళ్ళలు సాఫ్. వాటిల ఏం లేదు. పుండుకే ఉబ్బినయి. రేపు కాలు తీస్త."

అమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. కాలు తీస్తారంటే సంబరపడ్డ ఇల్లు హైదరాబాదులో మాదొక్కటే అయి ఉంటుంది.

ఆ సాయంత్రం నాయిన నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా, "ఒక జీడిగింజ తే బిడ్డా" అన్నాడు.

"మళ్లా ఏంది?"

"మత్తు ఇస్తరట. నాకు సోయి ఉండదు. ఒకని బట్ట ఇంకొకనికి పోయినట్టు, గీ కాలు ఇడిసిపెట్టి ఆ కాలు తీస్తే? మంచి కాలుకు గుర్తు పెట్టు."

"జీడి అంటే డాక్టరు సాబ్ నా కాలు తీస్తడు" అన్నాను. బడి పెన్ను తీసి, ఎడమ కాలి మడమ మీద సిరాతో గుర్తు పెట్టాను. ఏ గుర్తు పెట్టాలో తెలియలేదు. మాకు గుర్తే లేదు, మా బట్టలు మాకు ఎలాగూ తెలుస్తాయి కదా. ఒక చుక్క పెట్టి చుట్టూ సున్నా చుట్టాను. నాయిన చూసి, "ఎవ్వలికీ ఇయ్యలే ఇది. మనకే ఉండనీ" అన్నాడు. పొద్దున డాక్టరు దాన్ని చూసి, ఏమిటని అడిగి, తెలుసుకుని, తుడవకుండా వదిలేశాడట.

కుడికాలు మోకాలి పైదాకా పోయింది. నాయిన మళ్లీ రేవులో దిగలేదు. ఆ పని అమ్మా, కూలికి కుదుర్చుకున్న మనిషీ చూసుకున్నారు. ఆయన దుకాణంలో స్టూలు మీద కూర్చుని, చంకకర్ర గోడకానించి, గుర్తులు పెట్టేవాడు. నాకు మాత్రం మళ్లీ జీడి ఇవ్వలేదు. బుకింగ్ గుమాస్తా ఎప్పుడొచ్చినా, "సాబ్, మెడ మంచిగున్నదా?" అని పలకరించేవాడు. ఆయన కాలర్ పైకి లాక్కునేవాడు. నాకు పెళ్లయింది, ఖైరతాబాద్‌లో కాపురం పెట్టాను, అయినా కొన్ని నెలలకోసారి నాయినను దవాఖానకు నేనే తీసుకుపోయేదాన్ని. డాక్టరు ముందు గజ్జల్లో నొక్కి చూసేవాడు, తర్వాత ఛాతీ ఫొటో. అవి రెండూ సాఫ్ అంటే, తిరుగుదారిలో ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాళ్లం. అలాంటి చాయ్‌లు నాలుగేళ్లకు పైగా తాగాం.

తెలంగాణా ఆంధ్రా కలుస్తాయని దుకాణం ముందు జనం కొట్లాడుకుంటున్న వానాకాలంలో నాయినకు దగ్గు పట్టింది. ఫొటోలో తెల్లటి మచ్చలు వచ్చాయి. డాక్టరు అప్పటికి జుట్టు నెరిసి ఉన్నాడు. మళ్లీ అదే వరండాలోకి పిలిచాడు.

"బిళ్ళలల్ల ఏం లేదమ్మా. నెత్తురు దారిన పోయి ఊపిరితిత్తులల్ల కూసున్నది. గిన్నేండ్లు వస్తయని నేను గూడ అనుకోలే. ఆనాడు నువ్వు రాకుంటే ఇవి గూడ లేకుండె."

ఆ మాట ఓదార్పుగా అన్నాడని తెలుసు. కానీ నేను చెప్పడానికి వెళ్లకపోతే అని నాలుగేళ్లుగా నేను నిద్రలో ఉలిక్కిపడుతూనే ఉన్నాను. ఇంకొంచెం వెనక్కి పోతే, ఆ చుక్కలే పెట్టకపోతే, తోలు పగిలేది కాదు, బిళ్ళ కట్టేది కాదు, గడ్డ చిన్నగా ఉన్నప్పుడే, నెత్తురులోకి ఏదీ జారకముందే కాలు తీసి ఉండేవాళ్లేమో. ఈ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు. నాయినకు అసలే చెప్పలేదు.

లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. నాయిన దగ్గు తెరలు ఆగేదాకా ఆగి అడిగాడు.

"ఏమన్నడు సాబ్? బిళ్ళ ఉన్నదా?"

"బిళ్ళ లేదు నాయినా. గజ్జల్ల ఏం లేదు. ఛాతీల ఉన్నదట."

ఆయన పైకి చూస్తూ ఆలోచించాడు. ఆయన ముఖం మెల్లగా విచ్చుకుంది. కొత్త అంగీ మీద గుర్తు నికరంగా పడితే ఎలా ఉండేదో అలా.

"సూసినవా. నువ్వు పెట్టిన చుక్కలు దాన్ని దాటనియ్యలే. దొంగది, దొడ్డి తొవ్వల పోయింది. లేకుంటే గిన్నేండ్లు ఆగునా?" అన్నాడు. నా చెయ్యి తీసుకుని, వేళ్లు విప్పి, సూది పట్టుకునే వేలును తన బొటనవేలితో రుద్దాడు.

లోకంలో ఎవరు తప్పు మాట్లాడినా దిద్దకుండా ఊరుకోని దాన్ని నేను.

"ఔ నాయినా" అన్నాను.